*విశ్వాస సాక్షులు: డోర్నకల్ బిషప్ అజరయ్య గారు – యేసు ఒక్కడే అన్నారు, అందరితో కలిసి బ్రతికారు*



ఈ వారం, మన తెలుగు నేల మీద సేవ చేసి ఆ నేలలోనే కన్నుమూసిన ఒక దైవజనుని గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది. డ్యూటీ అయిపోయి, స్నానం చేసి, అన్నం తిన్నాక తీరుబడిగా చదవండి.

ముందు ఒక సంగతి. మీ రూములో ఎనిమిది మంది ఉంటారనుకోండి. ఒక మంచం పక్కన గోడకు వెంకటేశ్వర స్వామి పటం ఉంటుంది. ఇంకో మంచం కింద మడిచిపెట్టిన నమాజు చాప ఉంటుంది. మీ దిండు కింద బైబిలు ఉంటుంది. బియ్యం డబ్బులు అందరివీ, కూర గిన్నె ఒకటే. సెలవు రోజు పొద్దున మీరు ఫెలోషిప్పుకు బయలుదేరుతుంటే ఎవరో ఒకరు మంచి మనసుతోనే అడుగుతారు. దేవుళ్ళందరూ ఒకటే కదా అన్నా, దారులు వేరైనా చేరే ఊరు ఒకటే కదా, మరి మీవాళ్ళు యేసు ఒక్కడే అని ఎందుకు పట్టుబడతారు అని.

అప్పుడు మనం ఏం చేస్తాం? కొందరు, గొడవ ఎందుకులే అని, అవును అన్నీ ఒకటే అని తల ఊపేసి వెళ్ళిపోతారు. కొందరు కోపం తెచ్చుకుని ఎదుటివాని దేవుణ్ణి నాలుగు మాటలంటారు. ఆ రోజు నుంచి ఆ రూములో మాటలు ఉండవు, కూర గిన్నెలు రెండవుతాయి. చాలా ఏళ్ళు క్యాంపుల్లో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ రెండూ నేను కళ్ళారా చూశాను.

ఈ రెండూ కాక ఇంకో దారి ఉందా? ఉంది. ఆ దారిలో నడిచిన మనిషే వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

*పల్లెటూరి పాదిరి గారి అబ్బాయి*

ఆయన 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో, తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు హిందూ కుటుంబంలో పుట్టి, ప్రభువును తెలుసుకుని, తర్వాత పాదిరి అయినవారు. వాళ్ళది నాడార్ల కులం. ఆ రోజుల్లో ఆ కులంలో ఎక్కువమంది తాటిచెట్ల మీద ఆధారపడి బ్రతికేవాళ్ళు. గుడి లోపలికి వాళ్ళకు ప్రవేశం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

అజరయ్య గారు పిల్లవాడిగా ఉండగానే తండ్రి చనిపోయారు. తల్లి ఎలెన్ గారు భక్తి గల మనిషి, క్రమశిక్షణ గల మనిషి. ఆమె పెంపకంలో ప్రార్థన చేయకుండా తెల్లవారేది కాదు. తర్వాత ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ, జబ్బు చేయడం వల్ల ఆఖరి పరీక్ష రాయలేకపోయారు. డిగ్రీ చేతికి రాలేదు. మా చదువు సగంలో ఆగిపోయింది, ఇక మావల్ల ఏమవుతుంది అనుకునే తమ్ముళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ.లో పనికి చేరి, ఊరూరా తిరిగి యువకుల మధ్య సేవ చేశారు. 1898లో అన్బు అమ్మగారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో పెద్ద చదువు చదివినవారు. తర్వాతి రోజుల్లో డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనిలో ఆమె చేయి చాలా ఉంది.

*సొంత ఊరు విడిచి తెలుగు దేశానికి*

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను సువార్తకు పంపడం చూశారు. అది ఆయన మనసును కుదిపింది. మన తిరునల్వేలిలో ఇన్ని సంఘాలున్నాయి, ఇంతమంది విశ్వాసులున్నారు, ఇంకా తెల్లదొరల డబ్బు కోసం, తెల్లదొరల మనుషుల కోసం ఎదురు చూడటమేనా అనే ఆలోచన పట్టుకుంది. ఊరికే కూర్చోలేదు. 1903లో తోటి విశ్వాసులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని మొదలుపెట్టారు. 1905 క్రిస్మస్ రోజున బెంగాలులోని సేరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ మొదలైంది. దాని వెనుక కూడా ఆయన ఉన్నారు. భారతీయుల డబ్బు, భారతీయుల మనుషులు, భారతీయుల పెత్తనం, ఇదీ ఆ సంఘాల నియమం.

తిరునల్వేలి వాళ్ళు తమ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. ఇప్పుడది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. రైలు జంక్షను కాబట్టి మీలో చాలామంది ఆ స్టేషను చూసే ఉంటారు. అక్కడికి ఇతరులను పంపడంతో అజరయ్య గారు తృప్తిపడలేదు. 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, నెల జీతం, పేరు, తిరుగుళ్ళు ఉన్న వై.ఎం.సి.ఏ. పని వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, తానే బయలుదేరారు.

ఆలోచించండి. భాష రాదు. ఊరు కాదు. తిండి వేరు. రాజ్యం ముస్లిం ప్రభువుది, చుట్టూ ఉన్నవాళ్ళు ఎక్కువమంది హిందువులు. మీరు విమానం దిగిన మొదటి నెల ఎలా ఉండిందో, ఆయనకూ అలాగే ఉండి ఉంటుంది. ముప్పై దాటాక కొత్త భాష నోటికి పట్టించుకోవడం ఎంత కష్టమో అరబీ మాటలు నేర్చుకున్న మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన మాత్రం కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. పల్లె జనానికి తెలుగులో వాక్యం చెప్పారు.

*దొరల ముందు నిలబడి*

1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియా ఖండపు మనుషులు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో అజరయ్య గారు ఒకరు.

ఆయన లేచి అక్కడ మాట్లాడిన సంగతి ఏమిటంటే, మిషనరీలు మన దేశానికి చాలా త్యాగం చేశారు, డబ్బు ఇచ్చారు, ప్రాణాలు కూడా పెట్టారు, అందుకు కృతజ్ఞులమే. కానీ ఏళ్ళ తరబడి ఒకే మిషనులో పనిచేసే భారతీయ సేవకుణ్ణి తమ ఇంటికి భోజనానికి పిలవని దొరలున్నారు. చేయి కలపడానికి వెనకాడే దొరలున్నారు. పెత్తనం చేసేవాళ్ళు వద్దు, ప్రేమించే స్నేహితులు కావాలి అని ఆయన అడిగారు. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. కానీ ఆ మహాసభలో జరిగిన ప్రసంగాల్లో ఈ రోజుకీ లోకం గుర్తుపెట్టుకున్నది ఆ ప్రసంగమే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, యేసు ఒక్కడే ప్రభువు అని నమ్మినవాడు ఆ మాటను ముందు ఎవరికి చెప్పాలి? తన సొంత ఇంటివారికి. అజరయ్య గారు మొదట నిలదీసింది హిందువులనూ కాదు, ముస్లిములనూ కాదు. ఒకే ప్రభువు బల్ల దగ్గర చేయి చాపి, బయటికి వచ్చాక చేయి వెనక్కి తీసుకునే క్రైస్తవులను నిలదీశారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. నల్లవాని కింద తెల్లవాళ్ళు పనిచేయాలా అని గొణిగినవాళ్ళు ఉన్నారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు మాత్రం ఈయన పక్షాన గట్టిగా నిలబడ్డారు.

*తన తల మీద తన చేయి*

డోర్నకల్ డయోసిస్ మొదట చిన్నది. తర్వాత కృష్ణా జిల్లా వైపు, ఇంకా ఇతర తెలుగు ప్రాంతాల వైపు పెరిగింది. బిషప్పు అంటే బంగ్లాలో కూర్చునేవాడని మనం అనుకుంటాం. ఈయన ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేనివాళ్ళు, గుడి మెట్టు ఎక్కలేనివాళ్ళు. గుడి బయట నిలబెట్టబడటం అంటే ఏమిటో నాడార్ల కులంలో పుట్టిన ఆయనకు ఒకరు చెప్పాలా?

ఆ పల్లెల్లో నాలుగు శత్రువులతో పోరాడాలని ఆయన అనేవారు. మురికి, జబ్బు, అప్పు, తాగుడు. నేటికి నూరేళ్ళయింది. మన క్యాంపుల్లో మొదటి రెండు కొంచెం తగ్గాయేమో గానీ, చివరి రెండు శత్రువులూ మన మంచాల పక్కనే పడుకుంటున్నాయి. ఏజెంటుకు కట్టిన డబ్బుకు వడ్డీ, శుక్రవారం రాత్రి సీసా. అవునా కాదా?

బాప్తిస్మము ఆయన తొందరపడి ఇచ్చేవారు కాదు. ముందు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నేర్పించి, బ్రతుకు మారిందా అని చూసేవారు. బాప్తిస్మము పొందినవాళ్ళతో ఆయన ఒక పని చేయించేవారు. ప్రతి ఒక్కరూ తమ చేయి తమ తల మీద పెట్టుకుని, నేను సువార్త ప్రకటించకపోతే నాకే శ్రమ అనే భావంతో ఒప్పుకోవాలి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయం 16వ వచనంలో పౌలు గారు తన గురించి చెప్పుకున్న మాట అది.

సహోదరులారా, ఇక్కడ కాసేపు ఆగండి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ చేతిలోనే ఉంది. యేసు ఒక్కడే అనే మాట రెండు రకాలుగా అనొచ్చు. ఎదుటివాని తల మీద చేయి పెట్టి, నీవు నశించిపోతావు అని అనొచ్చు. అప్పుడు ఆ మాట గర్వం అవుతుంది, పోట్లాట అవుతుంది. తన తల మీద తన చేయి పెట్టుకుని, నాకు దొరికిన మేలు నీకు చెప్పకపోతే నేను దోషిని అనొచ్చు. అప్పుడు అదే మాట అప్పు తీర్చడం అవుతుంది. మాట ఒకటే. చేయి ఎవరి తల మీద ఉంది అన్నదే తేడా.

*గాంధీగారితో ఏకీభవించలేకపోయిన చోటు*

ఇక అసలు పరీక్ష. 1930ల్లో దేశమంతా గాంధీగారి మాట మీద నడుస్తోంది. గాంధీగారికి యేసు ప్రభువంటే గౌరవం, కొండమీద ప్రసంగమంటే ఎంతో ఇష్టం. అయినా ఆయన నమ్మకం ఏమిటంటే, అన్ని మతాల్లోనూ సత్యం ఉంది, అన్నిటిలోనూ లోపాలూ ఉన్నాయి. కాబట్టి ఎవరు పుట్టిన మతంలో వారుండి, హిందువు మంచి హిందువు కావాలి, ముస్లిం మంచి ముస్లిం కావాలి, క్రైస్తవుడు మంచి క్రైస్తవుడు కావాలి. ఆసుపత్రులు, బడులు పెట్టి వాటి ద్వారా మతం మార్చడం మానాలని 1931లో బాహాటంగానే చెప్పారు.

1935 అక్టోబరు 13న యేవలా అనే ఊరిలో డాక్టర్ అంబేద్కర్ గారు తాను హిందూ మతాన్ని వదిలేస్తానని ప్రకటించారు. దాంతో దేశంలో పెద్ద కదలిక వచ్చింది. అంటరానివాళ్ళు ఎటు వెళ్తారు అని అందరి చూపూ వాళ్ళ మీదే. గాంధీగారికి దిగులు పట్టుకుంది. చదువు లేని పేదవాళ్ళకు మతాల తేడా తెలియదని, వాళ్ళు ఆశలకు లొంగిపోతున్నారని ఆయన భావించారు.

అజరయ్య గారు ఇక్కడ ఆయనతో ఏకీభవించలేకపోయారు. ఆ కాలంలో గాంధీగారికి ఎదురు చెప్పడం అంటే దేశానికి ఎదురు చెప్పినట్టే చూసేవాళ్ళు. అయినా వెనక్కి తగ్గలేదు.

ఆశ చూపించి మతంలోకి లాగడం తప్పు అన్న విషయంలో ఇద్దరికీ తేడా లేదు. బియ్యం కోసం వచ్చినవాడు బియ్యం అయిపోగానే పోతాడని అజరయ్య గారికి బాగా తెలుసు. తేడా ఎక్కడంటే, పేదవానికి కూడా ఆత్మ ఉంది, బుద్ధి ఉంది, దేవుణ్ణి వెతుక్కునే హక్కు ఉంది. మాల పల్లెలో, మాదిగ గూడెంలో పుట్టినవాడు ఎక్కడ పుట్టాడో అక్కడే ఉండి మంచివాడు కావాలి అంటే, ఎవరికి మంచిది? ఊరి మధ్య ఇల్లున్నవాడికి అన్నీ ఒకటే అనడం తేలిక. ఊరి బయట ఉన్నవాడికి అన్నీ ఒకటి కావు. తనను ముట్టుకున్న ప్రభువుకూ, తనను ముట్టుకోని ఊరికీ తేడా వాడికి ఒంటి మీద తెలుసు.

సేవ చేయండి గానీ యేసు పేరు చెప్పకండి అన్న సలహాను కూడా ఆయన ఒప్పుకోలేదు. రోగికి మందిచ్చి, ఆ మందు పేరు పక్కవాళ్ళకు చెప్పొద్దంటే ఎలా? యోహాను సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు తానే మార్గమని చెప్పుకున్నాడు. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో పేతురు గారు అదే సాక్ష్యం సభ ముందు నిలబడి చెప్పారు. అజరయ్య గారు కొత్తగా ఏమీ కల్పించలేదు. ఉన్నదాన్ని వదలలేదు, అంతే.

అప్పుడు పల్లెల్లో ఇంకో సంగతి జరిగింది. మాల మాదిగల్లో తాగుడు మానినవాళ్ళను, పిల్లలను బడికి పంపినవాళ్ళను, శుభ్రంగా ప్రార్థన చేసుకునేవాళ్ళను చూసి, పై కులాల రైతులు కూడా ప్రభువు గురించి అడగడం మొదలుపెట్టారు. వాదనలో ఓడిపోయి వచ్చినవాళ్ళు కాదు వాళ్ళు. నిన్నటిదాకా తమ గుమ్మం దాటనివ్వని మనుషుల బ్రతుకు చూసి వచ్చారు.

*సీట్లు వద్దన్న మనిషి*

1932లో ఆంగ్లేయ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు అని ప్రకటించింది. మతాలవారీగా వేరే ఓట్లు, వేరే సీట్లు. భారతీయ క్రైస్తవులకూ వాటా ఉంది. మనవాళ్ళలో సంతోషించినవాళ్ళు ఉన్నారు. అజరయ్య గారు మాత్రం వద్దన్నారు. సంఘం ఒక ఓటు బ్యాంకు అయిపోతే, రేపు బాప్తిస్మానికి వచ్చిన ప్రతివాణ్ణీ ఒక ఓటుగా లెక్కపెడతారు, పొరుగువాడు మనల్ని అనుమానంతో చూస్తాడు, సువార్త చెడిపోతుంది, ఇదీ ఆయన బాధ.

చూశారా? అన్ని మతాలూ ఒకటే అనమంటే గాంధీగారికి వద్దన్నారు. మతం పేరుతో వాటా తీసుకోమంటే ఆంగ్లేయులకు వద్దన్నారు. ప్రభువు పేరును వదలనూ లేదు, అమ్మనూ లేదు.

*కూలని గోడ*

పరిశుద్ధుల కథ రాసేటప్పుడు అంతా బాగుందని రాయడం మనకు అలవాటు. నిజం కూడా చెప్పాలి. అజరయ్య గారు సంఘంలో కులం ఉండకూడదని జీవితమంతా పాటుపడ్డారు. మాలలు, మాదిగలు ఒకే ప్రభువు బల్ల దగ్గరికి రావాలని, కలిసి కూర్చోవాలని నేర్పించారు. అయినా ఆ గోడ ఆయన కాలంలో పూర్తిగా కూలలేదు. మన కాలంలోనూ కూలలేదు. గల్ఫ్‌లో ఫెలోషిప్పు పెట్టినా, ఇది ఎవరి ఫెలోషిప్పు అని అడిగేవాళ్ళు మనలో లేరా?

క్రైస్తవుల్లో కూడా కులం ఉందని అంబేద్కర్ గారు విమర్శించారు. చివరికి 1956లో నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. ఆయనను మనం తప్పుపట్టే ముందు మన బల్ల వైపు ఒకసారి చూసుకోవాలి. ఒక్కడే ప్రభువు అని నోటితో చెప్పి, రెండు కులాలుగా కూర్చునేవాని మాట ఎవడు నమ్ముతాడు?

ఆ కారణంగానే అజరయ్య గారు సంఘాల ఐక్యత కోసం కూడా అంత కష్టపడ్డారు. 1919లో తరంగంబాడిలో జరిగిన కూటంలో, విడివిడిగా ఉన్న సంఘాలు ఒక్కటి కావాలని పిలుపునిచ్చినవాళ్ళలో ఆయన ముందున్నారు. ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన తగవుల వల్ల మన పల్లెల్లో విశ్వాసులు ఎందుకు విడిపోవాలి అన్నది ఆయన ఆవేదన. 1929 నుంచి చనిపోయేవరకు జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షునిగా ఉన్నారు. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడు, ఇతర మతాల మధ్య క్రీస్తు సువార్త స్థానం ఏమిటి అనే ప్రశ్న మీదే పెద్ద చర్చ జరిగింది. అంటే మీ రూములో లేచే ప్రశ్న ఆనాడే లోకంలోని పెద్ద పెద్ద పండితులు తలలు పట్టుకున్న ప్రశ్న. మీకు తడబాటు వస్తే సిగ్గుపడకండి.

*డోర్నకల్ మందిరం*

ఎప్పుడైనా ఇంటికి వెళ్ళినప్పుడు వీలుంటే డోర్నకల్‌లో దిగి ఎపిఫనీ కేథడ్రల్ చూడండి. కట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు కనిపిస్తాయి. మసీదేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే రాతి స్తంభాలు మన దక్షిణాది గుళ్ళ స్తంభాల్లా ఉంటాయి. లోపల ఆరాధన యేసుక్రీస్తుకే.

ఆయన చేసింది అన్ని మతాలనూ కలిపి వండటం కాదు. ఆ నేల మీది ముస్లిం మేస్త్రీల అందం, హిందూ శిల్పుల అందం, రెండూ ఈ నేల బిడ్డలకు దేవుడిచ్చినవే కదా, ఆయన ఆరాధనకు ఎందుకు పనికిరావు అన్నదే ఆ కట్టడం. ఇంగ్లండు చర్చి నమూనా తెచ్చి పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. మన రాగాలు, మన పండుగల తీరు, పంట కానుకలు ఆరాధనలోకి తెచ్చారు. ప్రభువు విషయంలో తలుపు ఒక్కటే. కానీ ఆ తలుపు ఈ ఊరి రాయితోనే కట్టారు.

1945 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజున, డోర్నకల్‌లోనే ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటికి డయోసిస్‌లో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. ఆయన కోరుకున్న ఐక్య సంఘం ఆయన కళ్ళతో చూడలేదు. రెండేళ్ళ తర్వాత, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆయన విత్తారు, వేరేవాళ్ళు కోశారు.

*మన సంగతి*

ఇప్పుడు మళ్ళీ మీ రూముకు రండి. అన్నీ ఒకటే కదా అని అడిగినవాడు మీ శత్రువు కాదు. జ్వరం వచ్చిన రాత్రి మీకు గంజి కాచి ఇచ్చేది అతనే. అతనికి ఏం చెప్పాలి?

మొదటిది, అబద్ధం చెప్పకండి. స్నేహం కోసం, అవును అన్నీ ఒకటే అనకండి. నేను యేసు ప్రభువునే నమ్ముకున్నాను, నా పాపానికి విడుదల నాకు ఆయన దగ్గరే దొరికింది అని నెమ్మదిగా, చిరునవ్వుతో చెప్పండి. పేతురు గారు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో, అడిగినవానికి జవాబు సాత్వికంగా ఇవ్వమని నేర్పారు కదా. అతను కూడా తన నమ్మకం చెబితే పూర్తిగా వినండి. విన్నంత మాత్రాన మీ విశ్వాసం కరిగిపోదు.

రెండవది, తిట్టకండి. ఎదుటివాని దేవుణ్ణి తిట్టే వీడియోలు మన ఫోన్లలో బోలెడు తిరుగుతున్నాయి. వాటిని ముందుకు పంపకండి. అజరయ్య గారు ముప్పై అయిదేళ్ళు హిందువుల మధ్య, ముస్లిం ప్రభువు రాజ్యంలో సేవ చేశారు. ఆయన బలం తిట్టులో లేదు.

మూడవది, మనం ఉన్న దేశపు చట్టాన్ని గౌరవించండి. ఇక్కడ మతం ప్రకటించడానికి హద్దులున్నాయి. తెలివితక్కువ ధైర్యం చేసి, మీ కుటుంబాన్ని, మీ ఫెలోషిప్పులోని మిగతావాళ్ళను కష్టంలో పెట్టకండి. కానీ ఏ చట్టమూ ఆపలేని సాక్ష్యం ఒకటుంది. మెస్ లెక్కలో ఒక్క దిర్హాము తేడా రానివ్వకపోవడం. జబ్బుపడిన బంగ్లాదేశీ సహోదరుని డ్యూటీ మీరు చేయడం. రంజాను నెలలో ఉపవాసం ఉన్నవాని ముందు తినకుండా పక్కకు వెళ్ళడం. దసరాకు ఇంటికి వెళ్ళలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాని పక్కన కూర్చోవడం. తాగుడు మానడం. ఇంటికి డబ్బు సమయానికి పంపడం. డోర్నకల్ రైతులు చూసింది అలాంటి బ్రతుకునే.

నాలుగవది, మన మధ్య కులం గోడ ఉంటే, ముందు దాన్ని పడగొట్టండి. అది నిలబడి ఉన్నంతకాలం, ఒక్కడే ప్రభువు అని మనం చెప్పే మాట గాలిలో కలిసిపోతుంది.

ఈ రాత్రి పడుకునే ముందు, ఎవరూ చూడకుండా, మీ చేయి మీ తల మీద పెట్టుకోండి. పక్క మంచం మీద పడుకున్నవాని పేరు తలుచుకోండి. అతనికి నేను బాకీ ఉన్నాను ప్రభువా అని చెప్పండి.

*ప్రార్థన:* ప్రభువా, నీవు ఒక్కడవే మా రక్షకుడవు. ఈ నమ్మకం మాలో గర్వంగా మారకుండా కాపాడుము. మా రూములో ఉన్న ప్రతివానినీ, ఏ మతస్థుడైనా, నీవు ప్రేమించినట్టు ప్రేమించే మనసు ఇమ్ము. దూరంగా ఉన్న మా తల్లిదండ్రులను, భార్యాపిల్లలను నీ రెక్కల నీడలో ఉంచుము. జీతాలు ఆగిపోయినవారిని, ఆసుపత్రిలో ఉన్నవారిని, ఇంటికి వెళ్ళలేక ఇరుక్కుపోయినవారిని జ్ఞాపకం చేసుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మేలు కలిగిందనిపిస్తే ఇంకొక సహోదరునికి పంపండి. చదవడం రానివారు మీ రూములో ఉంటే బిగ్గరగా చదివి వినిపించండి. వచ్చే వారం, ప్రభువు చిత్తమైతే, ఇంకొక విశ్వాస సాక్షి జీవితంతో కలుద్దాం.

ప్రభువునందు మీ సహోదరుడు